సంచి లేని శనివారము – పెన్న ఒడ్డున వ్రాతపాఠము

తెలుగు పాఠశాలలలో వ్యాసరచన అనగానే మొదట జ్ఞప్తికి వచ్చునది గోవు. గోవు సాధుజంతువు అని మొదలుపెట్టి, దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక కలవని చెప్పి, అది పాలిచ్చునని ముగించుట తరతరములుగా సాగుచున్న ఆచారము. ఆ వ్యాసమును వ్రాయు బాలుడు ప్రొద్దుటూరు సమీపమున ఏ పల్లెలోనో పుట్టినవాడై, ఆ ఉదయమే ఆవుకు చొప్ప వేసి బడికి వచ్చినవాడై ఉండవచ్చును. తన యింటి ఆవు సాధువో పొగరుబోతో, ఏ గట్టున మేయుటకు ఇష్టపడునో, దూడ చచ్చిననాడు ఎట్లు అరచెనో వానికి చక్కగా తెలియును. కాని ఆ తెలిసినదంతయు కాగితముమీదికి రాదు. కాగితముమీదికి వచ్చునది గైడులోని గోవు. ఇంటి ఆవు ఇంటనే నిలిచిపోవును.

బిడ్డ యెరుకకును, బిడ్డ వ్రాతకును నడుమ నున్న ఈ దూరము చిన్నది కాదు. చదువు రాని పిల్లల సంగతి తరచుగా చర్చకు వచ్చుచున్నది. చదువు వచ్చియు తన మాటను తాను వ్రాయలేని పిల్లల సంగతి అంతగా చర్చకు వచ్చుట లేదు. ఈ రెండు సమస్యలకును మూలము ఒకటే కావచ్చునను ఊహతో, కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములను దృష్టియందుంచుకొని ఈ విషయమును పరిశీలించుట నేటి పరిస్థితిలో ఉపయోగకరము.

ఆదేశము, అవకాశము

2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల విద్యార్థులకు పుస్తకముల సంచి లేని పది దినములు ఉండవలెనని సూచించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అంతకంటె ముందుకు పోయి, 2025-26 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో ప్రతి శనివారమును సంచి లేని దినముగా పాటింపవలెనని నిర్ణయించినది. అంతకుముందే 2020 నవంబరులో "చదవడం మాకిష్టం" అను పేరుతో రాష్ట్రమున ఒక పఠనోద్యమము ఆరంభమైనది. 2021 జులైలో కేంద్రప్రభుత్వము "నిపుణ్ భారత్" కార్యక్రమమును ప్రారంభించి, 2026-27 నాటికి మూడవ తరగతి ముగియులోపల ప్రతి బిడ్డయు చదువుట, వ్రాయుట, లెక్కించుట నేర్వవలెనని గడువు విధించినది.

ఇన్ని కార్యక్రమములు ఏల అవసరమైనవో ఊహించుట కష్టము కాదు. గ్రామీణ విద్యాస్థితిని పరిశీలించు "అసర్" నివేదికను అనుసరించి, దేశమందలి ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి చదువుచు రెండవ తరగతి పాఠమును చదువగలిగిన పిల్లలు 2022లో నూటికి 16.3 మంది. 2024 నాటికి ఆ సంఖ్య 23.4కు పెరిగినది. అయిదవ తరగతి పిల్లలలో ఆ పాఠమునే చదువగలిగినవారు 2024లో నూటికి 44.8 మంది. పెరుగుదల సంతోషింపదగినదే. కాని అయిదేండ్లు బడికి పోయిన పిల్లలలో సగముకంటె ఎక్కువమంది రెండవ తరగతి పాఠమును చదువలేకుండుట ఎవరికిని తృప్తి కలిగింపదు. మరియు ఈ లెక్క బిడ్డ ఇతరులు వ్రాసిన పాఠమును చదువగలదా అన్నదానినే తెలుపును. తన పాఠమును తాను వ్రాయగలదా అన్నది ఈ లెక్కలో లేదు.

కావున శనివారము లభించినది. ఆ దినమున ఏమి చేయవలెనన్నదే ప్రశ్న. ఆటలు, పాటలు, చిత్రలేఖనము, క్విజ్ పోటీలు ఉండవచ్చును, ఉండవలెను గూడ. అయితే సంచిని ఇంటవిడిచిన దినమున చదువును గూడ ఇంటవిడిచినచో ఆ దినము కేవలము సెలవు వంటిదగును. సంచిలోని పుస్తకము లేనప్పుడు చదువదగిన మరియొక పుస్తకము పాఠశాల ప్రహరీగోడకు అవతలనే తెరచియున్నది. ఆ పుస్తకమును చదివించుట, చదివినదానిని వ్రాయించుట ఈ శనివారములకు తగిన పని.

రెండువందల ఏండ్లనాటి ఆక్షేపణ

ఈ సమస్య నేటిది కాదు. 1823లో బళ్లారి కలెక్టరుగా నుండిన ఎ. డి. క్యాంబెల్ దేశీయ పాఠశాలలను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. బళ్లారియు, కడపయు నాడు దత్తమండలములలోనివే. తన జిల్లాలో 533 పాఠశాలలు ఉన్నట్లు అతడు లెక్కించెను. పిల్లలు నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుట అతనిని ఆకర్షించినవి. అయితే అతడొక లోపమును గూడ ఎత్తిచూపెను. పిల్లలు పద్యములను కంఠస్థము చేయుదురు. వాని అర్థము వారికి తెలియదు. పుస్తకపు భాషకును ఇంటి భాషకును పొత్తు లేదు. ఇది అతని ఆక్షేపణ.

రెండువందల ఏండ్లలో ఇసుక పోయినది, పలక పోయినది, నోటుపుస్తకము వచ్చినది. 2020 తరువాత ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండు ద్విభాషా పాఠ్యపుస్తకములు వచ్చినవి. క్యాంబెల్ చూపిన లోపము మాత్రము పూర్తిగా తొలగలేదు. నాడు పద్యము అర్థము గాక కంఠస్థమైనది. నేడు ప్రశ్నకు జవాబు అర్థము గాక కంఠస్థమగుచున్నది.

దీనికి విరుగుడు ఏదియో రాయలసీమ సాహిత్యచరిత్రయే సూచించుచున్నది. పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యమున పెనుగొండలో పెరిగిరి. కన్నులెదుట కొండ, కొండపై శిథిలమైన కోట, ఆ కోట చుట్టును వినవచ్చు కథలు, ఇవియే ఆయన తొలి కావ్యమునకు ప్రేరణ. "పెనుగొండ లక్ష్మి" ఆయన బాల్యములోనే వ్రాసిన కావ్యము. తరువాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తాను వ్రాసిన ఆ కావ్యమే తనకు పాఠ్యగ్రంథమగుట ఆంధ్రదేశమున అందరెరిగిన కథ. ప్రొద్దుటూరిలో ఉపాధ్యాయుడుగా నున్న కాలమున ఆయన అక్కడి అగస్త్యేశ్వరాలయమున "శివతాండవము"ను రచించెను. ప్రతి బిడ్డయు పుట్టపర్తి కాజాలదు. కాని తన యెదుటి కొండను గూర్చి వ్రాయవచ్చునను ధైర్యము ప్రతి బిడ్డకును కలుగవచ్చును. ఆ ధైర్యము కలిగించుట పాఠశాల చేతిలోని పని.

మూడు పట్టణములు, మూడు పాఠములు

ప్రకృతి అనగానే పచ్చని కోనసీమయో, మంచు కురియు అరకులోయయో కన్నులకు కట్టుట సహజము. పాఠ్యపుస్తకములందలి చిత్రములును అట్టివే. దీనివలన రాయలసీమ బిడ్డకు తన యూరిలో ప్రకృతియే లేదను భ్రమ కలుగుచున్నది. తోటను గూర్చి వ్రాయుమన్న, పులివెందుల బాలుడు గులాబీలను, మల్లెలను వర్ణించును. తండ్రి సాగుచేయు చీనీతోట వానికి తోటగా తోపదు. ఏటిని గూర్చి వ్రాయుమన్న, ప్రొద్దుటూరు బాలిక గలగల పారు నీటిని వర్ణించును. తాను చూచిన పెన్నలో సంవత్సరమున అనేక మాసములు నీరుండదు, ఇసుక యుండును. ఆ ఇసుకను గూర్చి వ్రాయవచ్చునని ఆమెకు ఎవరును చెప్పలేదు. ఎండిన పెన్నయే విద్వాన్ విశ్వము చేతిలో "పెన్నేటి పాట" అయినదని తెలిసిన ఉపాధ్యాయుడు ఆ మాట చెప్పగలడు.

నిజమునకు ఈ మూడు పట్టణములకును మూడు విధములైన ప్రకృతి కలదు. మూడింటను ఒకే పాఠము చెప్పుట తగదు.

ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు, నేతకు పేరొందిన పెద్ద పట్టణము. 2011 జనాభా లెక్కల నాటికే అక్కడి జనసంఖ్య లక్షన్నరకు మించినది. ఇక్కడి బిడ్డకు ప్రకృతితో పరిచయము తక్కువ. కాని పట్టణమునకు ఒక ప్రక్క పెన్న, చుట్టును కర్నూలు-కడప కాలువ పారు పొలములు కలవు. ఎక్కడో సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరిన నీరు తమ జిల్లా పొలముల వరకు ఎట్లు వచ్చుచున్నదో తెలిసికొనుటయే ఒక మంచి భూగోళపాఠము. కూరగాయల సంతకు పోయి, ఏ ఋతువున ఏది వచ్చునో, ఏ యూరినుండి వచ్చునో అడిగి వ్రాసికొనుట మరియొక పాఠము. పట్టణపు బిడ్డకు కావలసినది చూచుట నేర్పుట.

జమ్మలమడుగు పేరులోనే ప్రకృతి యున్నది. జమ్ము మొలచిన మడుగు అని ఆ పేరును విడదీయవచ్చును. దానికి పదునైదు కిలోమీటర్ల దూరమున గండికోట. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న ప్రవహించు ఆ లోయను చూచుటకు దేశదేశముల నుండి యాత్రికులు వచ్చుచున్నారు. వారు ఛాయాచిత్రములు తీసికొని పోవుదురు. అక్కడి పిల్లలు మాత్రము ఆ లోయను గూర్చి నాలుగు వాక్యములు వ్రాయుటకు జంకుదురు. అంతేకాక, ఈ ప్రాంతము నల్లరేగడి నేలకు ప్రసిద్ధము. వేసవిలో ఆ నేల బీటలు వారి, పిల్లవాని చేయి దూరునంత నెర్రెలు విచ్చును. వాన పడగానే ఉబ్బి ఆ నెర్రెలు పూడిపోవును. మంచుకాలమున ఆ పదునుతోనే శనగపైరు పండును. ఈ నేల నడత ఒక కథవలె చెప్పదగినది. మరియు గండికోట జలాశయము నిండినప్పుడు తాళ్లప్రొద్దుటూరు, కొండాపురము వంటి ఊళ్లలోని కుటుంబములు ఇండ్లు విడిచి క్రొత్త చోట్లకు పోవలసివచ్చినది. అట్టి కుటుంబముల బిడ్డలకు నీరు అనునది సంతోషమును, దుఃఖమును కలగలిసిన పదము. అది వ్రాతలోనికి రావలదా?

పులివెందుల ప్రాంతము రాళ్ల పాఠశాల. భూగర్భశాస్త్రము నెరిగినవారికి ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లు సుపరిచితములు. వేంపల్లె శిలాశ్రేణి, పులివెందుల క్వార్ట్జైటు, గండికోట క్వార్ట్జైటు అను పేర్లు శాస్త్రగ్రంథములలో స్థిరపడినవి. వేంపల్లె శ్రేణికి చెందిన డోలమైటు రాళ్లలో పుట్టగొడుగులను, క్యాబేజీలను పోలిన పొరలు కానవచ్చును. దాదాపు 190 కోట్ల సంవత్సరములకు పూర్వము ఇక్కడి లోతులేని సముద్రమున పెరిగిన సూక్ష్మజీవుల చాపలు పొరలుపొరలుగా పేరుకొనగా ఏర్పడినవి అవి. వానినే స్ట్రొమటోలైటు లందురు. భూమిపై జీవము మిగిల్చిన ప్రాచీనమైన వ్రాతలలో అవి చేరినవి. ఆ రాళ్లపైననే ఆ యూరి పిల్లలు గొర్రెలను తోలుకొని పోవుచున్నారు. తుమ్మలపల్లెలో యురేనియము లభించునదియు ఈ శిలాశ్రేణిలోనే. గని పరిసరములందలి బోరునీటిని గూర్చి, అరటితోటలను గూర్చి అక్కడి గ్రామస్థులు కొంతకాలముగా ఆందోళన వెలిబుచ్చుచున్నారు. కావున పులివెందుల బిడ్డకు రాయి ఒక వింత మాత్రమే కాదు. త్రాగునీటికి, తండ్రి సేద్యమునకు సంబంధించిన విషయము. బోరు ఎన్ని అడుగులకు వేసిరి, తాత కాలమున బావి ఎంత లోతున నిండుగా నుండెను అని అడిగి వ్రాయుట ఈ ప్రాంతపు బిడ్డకు సహజమైన వ్యాసము.

పేరు తెలిసినవారు

చదువుకొన్నవారికి తెలియనిది పల్లెవారికి తెలిసియుండుట కడప జిల్లాకు క్రొత్త గాదు. జెర్డాన్ అను ఆంగ్ల వైద్యుడు గుర్తింపగా 1848లో శాస్త్రలోకమునకు పరిచితమైన ఒక పక్షి 1900 తరువాత ఎవరి కంటను పడలేదు. అది నశించినదనియే పండితులు తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటము సమీపమున, రెడ్డిపల్లె పరిసరములందలి పొదల అడవిలో అది మరల దొరకినది. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన పరిశోధకుడు భరత్ భూషణ్ పక్షి చిత్రమును చూపుచు విచారింపగా, ఒక స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చెను. శాస్త్రజ్ఞులు 86 ఏండ్లు పోగొట్టుకొన్న పక్షికి ఆ ప్రాంతపు ప్రజలలో ఒక చక్కని తెలుగు పేరు ఉన్నది: కలివికోడి. కలివిపొదలలో తిరుగునది గనుక ఆ పేరు. పేరుతో పాటు దాని నివాసమును గూడ ఆ మాట తెలుపుచున్నది.

పాఠశాలలు గ్రహింపవలసిన నీతి ఇందున్నది. పల్లె బిడ్డ బడికి వట్టిచేతులతో వచ్చుట లేదు. వాని నోట వందలకొలది పేర్లున్నవి. కోస్తావారి నాగలి వానికి మడక, వాగు వానికి వంక, బత్తాయి చీనీ, వేరుశనగ చెనిక్కాయ. దిన్నె, మిట్ట, కుంట, గుట్ట అను మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క భూస్వరూపమును తెలుపును. ఈ మాటలు నోటుపుస్తకములోనికి రాగానే ఎఱ్ఱసిరాతో కొట్టివేయబడుచున్నవి. బిడ్డ తన మాటను తప్పుగా భావింపసాగును. తన మాట తప్పని నమ్మిన బిడ్డ ఇక వ్రాయుటకు ఉత్సాహపడునా? గ్రంథభాషను నేర్పవలసినదే, కాని ఇంటి మాటను కొట్టివేసి కాదు, దాని ప్రక్కన రెండవ మాటను వ్రాసి నేర్పవలెను.

కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లపై పరిశోధన చేసిరి. పండితులు చేసిన ఈ పనిని చిన్న ప్రమాణమున పిల్లలును చేయవచ్చును. తుమ్మలపల్లెలో తుమ్మలు, వేంపల్లెలో వేము, ఎర్రగుంట్లలో గుంట, నెమళ్లదిన్నెలో నెమళ్లు ఉన్నవి. శివభారతకర్త గడియారము వేంకటశేషశాస్త్రి పుట్టినది ఆ నెమళ్లదిన్నెలోనే. ఊరి పేరులో ఉన్న చెట్టు ఊరిలో నేడు ఉన్నదా అని అడిగినచో అది ఒక శనివారమునకు చాలిన పాఠము.

పొరుగున జరిగిన ప్రయత్నములు

ఇట్టి విద్య కేవలము కల్పన కాదు. ప్రపంచమున దీనికి పేరొందిన ఉదాహరణములు కలవు. రవీంద్రుడు 1901లో శాంతినికేతనమున చెట్లక్రింద పాఠశాల నెలకొల్పెను. జపానులో కొబయాషి నడపిన బడిని గూర్చిన కథ "రైలుబడి" అను పేర తెలుగు పాఠకులకును పరిచితము. అందు ఒక రైతు పిల్లలకు గురువుగా వచ్చి నేలను దున్నుట నేర్పును. అయితే అంత దూరము పోనక్కరలేదు.

మదనపల్లె సమీపమందలి ఋషివ్యాలీ విద్యాకేంద్రము తన పరిసర గ్రామములలో చిన్న పాఠశాలలు నడపుచు, పాఠ్యపుస్తకమునకు మారుగా కార్డులతో, నిచ్చెన వంటి క్రమముతో ఒక బోధనపద్ధతిని రూపొందించినది. ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులను నడుపవలసిన పల్లె బడికి అది తగినది. 2003లో చెన్నై నగరపాలక సంస్థ ఉపాధ్యాయులు అక్కడ శిక్షణ పొందిరి. తరువాత ఆ పద్ధతి తమిళనాడు అంతటను వ్యాపించినది. రాయలసీమ పల్లెలో పుట్టినది రాష్ట్రములు దాటిపోగలదని ఇందువలన తెలియుచున్నది.

మరింత సమీపమైన ఉదాహరణము చెన్నేకొత్తపల్లిది. అనంతపురము ప్రాంతపు ఈ గ్రామమున తింబక్టు కలెక్టివ్ అను సంస్థ ప్రకృతిబడిని నడపినది. ఆ సంస్థ 1990లో బీడుభూమిని తీసికొని, దానిని మరల పచ్చగా చేయ పూనుకొన్నది. ఆ బడినుండి 2008లో "కొత్తపల్లి" అను పిల్లల మాసపత్రిక వెలువడినది. పల్లె పిల్లలు తాము విన్న కథలను, తాము అల్లిన కథలను అందు వ్రాసిరి. వర్షము తక్కువైన ఎఱ్ఱనేలలోని పిల్లలే ఆ పని చేసిరి. పెన్న ఒడ్డున ఉన్న పిల్లలు చేయలేరనుటకు కారణము లేదు.

ఆక్షేపణలు

ఈ మార్గమునకు ఆక్షేపణలు లేకపోలేదు. వానిలో కొన్ని బలమైనవి.

మొదటిది, పల్లె బిడ్డకు ప్రకృతి క్రొత్తదా అన్న ప్రశ్న. సెలవులలో చెనిక్కాయలు వలచి, కలుపు తీసి, ఎండలో అలసిన బిడ్డకు మరల పొలమును చూపుటలో ఏమి ఆకర్షణ ఉండును? బడికి వచ్చునది ఆ పొలమును తప్పించుకొనుటకే గదా అని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఈ ప్రశ్నను తేలికగా తీసికొనరాదు. బిడ్డను పొలమునకు పనివానిగా కాక, తెలిసినవానిగా కొనిపోవుట ఇందలి భేదము. వానిని ఎవరును ఇదివరకు అడుగలేదు. చెనిక్కాయ పూవు నేలపైన పూచి, ఊడ నేలలోనికి దిగి, కాయ మట్టిలో కాయుట ఎట్లని ఉపాధ్యాయుడు వానిని అడిగినప్పుడు, తరగతిలో వెనుకబల్లపై కూర్చుండు బాలుడు ఆ దినమున మొదటివాడగును. తెలిసినదానిని గూర్చి మాటాడిన బిడ్డ, అదే విషయమును వ్రాయుటకు జంకడు.

రెండవది, మార్కులు. పదవ తరగతి పరీక్షలో కలివికోడిని గూర్చి అడుగరు. నిజమే. కాని చూచినదానిని చూచినట్లు, క్రమము తప్పక, అనవసరపు మాట లేక వ్రాయగలిగిన విద్యార్థికి ఏ పరీక్షలోనైనను లాభమే కలుగును. విజ్ఞానశాస్త్రపు జవాబునకును, సాంఘికశాస్త్రపు జవాబునకును కావలసినది ఆ శక్తియే. ఇంగ్లీషునకును అంతే. ఒక భాషలో ఒక వాక్యమును స్వయముగా కట్టనేర్చినవాడు రెండవ భాషలోను కట్టును. కంఠస్థము చేసినవాడు రెండు భాషలలోను కంఠస్థమే చేయును.

మూడవది, ఉపాధ్యాయుని భారము. హాజరు, భోజనము మొదలుగా ఎన్నియో వివరములను ఫోనులో నమోదు చేయవలసిన ఉపాధ్యాయునికి ఈ క్రొత్త పనికి సమయమెక్కడ? ఒక ఉపాధ్యాయుడే అయిదు తరగతులను చూచుకొను బడిలో పిల్లలను బయటికి కొనిపోవుట సాధ్యమా? ఎండలు 40 డిగ్రీలు దాటు జిల్లాలో, పాడుబడిన బావులు, రాతిగనుల గుంతలు, పాములు ఉన్న చోట భద్రతకు ఎవరు బాధ్యులు? ఈ ఆక్షేపణ మిక్కిలి న్యాయమైనది. శనివారమును ప్రకటించిన అధికారులు, ఆ శనివారమున ఉపాధ్యాయుని ఇతర లెక్కల నుండి విడిపింపవలసియున్నది. తల్లిదండ్రులలో ఒకరిద్దరు తోడు రావలెను. గండికోట అంచునకు, గనుల గుంతలకు పిల్లలను తోలుకొని పోవలసిన అవసరము లేదు. పాఠశాల ఆవరణలోని వేపచెట్టు చాలును.

నాలుగవది అందరికంటె ముందుగా ఉపాధ్యాయులే గ్రహింపదగినది. ప్రకృతిపాఠము ఒక్కొక్కప్పుడు ఉత్సవముగా మారిపోవును. పిల్లలు పతాకములు పట్టి నడుతురు, మొక్క నాటుదురు, ఛాయాచిత్రము తీయబడును, మరునాడు ఆ మొక్కకు నీరు పోయువారుండరు. 1991లో సుప్రీముకోర్టు పర్యావరణవిద్యను తప్పనిసరి చేయవలెనని ఆదేశించినది మొదలు పాఠములు పెరిగినవి, సంఘములు వెలసినవి. కాని చూచుట, చదువుట, వ్రాయుట అను మూడును ముడిపడనిచో మిగులునది ఛాయాచిత్రమే.

ఏమి చేయవచ్చును

ఖర్చు లేని, అనుమతులక్కరలేని కొన్ని పనులు ఇచ్చట పేర్కొనదగియున్నవి.

ప్రతి బిడ్డయు ఒక చెట్టును ఎన్నుకొనవలెను. ప్రతి శనివారమును దానివద్ద పది నిమిషములు నిలిచి, తేదీ వేసి, మూడు వాక్యములు వ్రాయవలెను. నియమము ఒకటే: అందముగా నున్నది, పచ్చగా నున్నది అను మాటలు వ్రాయరాదు, చూచినదే వ్రాయవలెను. చెట్టు అందముగా నున్నది అన్న వాక్యమును ఏ చెట్టునకైనను వ్రాయవచ్చును. వేపపూత రాలి బండమీద పరచుకొన్నది, చీమలు దానిలో దారి చేసికొన్నవి అన్న వాక్యమును ఆ చెట్టుక్రింద నిలిచినవాడే వ్రాయగలడు. ఈ భేదము ఒకసారి తెలిసిన బిడ్డ గైడులోని గోవును తానే విడిచిపెట్టును.

కార్తెల దినచర్య రెండవది. జూన్ రెండవ వారమున బడులు తెరచునప్పటికి మృగశిర నడుచుచుండును. జూన్ 22 ప్రాంతమున ఆరుద్ర వచ్చును. తొలివానకు ఎఱ్ఱని పట్టువంటి ఆరుద్రపురుగు నేలపై కానవచ్చును. వానకాలమున బావి గట్టుల చెట్లకు గిజిగాని గూళ్లు వ్రేలాడును. మగపక్షి సగము గూడు అల్లి ఆడపక్షి రాకకై చూచుటను పిల్లలు గమనింపవచ్చును. ఒక సీసాను కోసి, గీతలు గీసి, బడి మిద్దెపై నుంచి, కురిసిన వానను కొలిచి వ్రాయవచ్చును. జిల్లా సగటు వర్షపాతము సుమారు 700 మిల్లీమీటర్లు. తమ యూరిలో ఎంత కురిసినదో తాము కొలిచిన పిల్లలకు ఆ సంఖ్య అర్థవంతమగును.

మూడవది మాటల సంపుటము. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను చేర్చుకొని తెలుగు గ్రంథములను సంస్కరింపజేసెను. తరువాత నిఘంటువును కూర్చెను. పిల్లలకు పండితులు అవ్వలు, తాతలు, గొర్రెలకాపరులు. గడ్డి పేర్లు, పిట్టల పేర్లు, నేలల పేర్లు అడిగి వ్రాసి, అకారాదిగా కూర్చినచో అది బడికి ఒక నిఘంటువగును. అక్షరక్రమము నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి సాధనము దొరకదు.

నాలుగవది మరవరానిది: చూచి వచ్చిన తరువాత పుస్తకము తెరవవలెను. పిట్టను చూచిన దినముననే ఆ పిట్టను గూర్చి చదువవలెను. ఇంటి మిద్దెపై పరచిన నాపరాయి ఒకనాటి సముద్రపు అడుసు అని విన్న బిడ్డ, సముద్రము ఇక్కడికి ఎట్లు వచ్చినదని అడుగక మానదు. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకములోనున్నదని తెలిసిననాడు బిడ్డ పాఠకుడగును. అందుకు బీరువాలోని పుస్తకములు బయటికి రావలెను; శాఖా గ్రంథాలయములు శనివారములందు పిల్లలకు తలుపులు తెరవవలెను. వ్రాసినది గోడపత్రికపైకి ఎక్కవలెను. చదువువారు లేని వ్రాత ఎక్కువకాలము నిలువదు. తల్లి అక్షరము రానిదైనచో బిడ్డయే ఆమెకు చదివి వినిపింపవలెను. తన పొలమును గూర్చి తన బిడ్డ వ్రాసినదానిని వినిన తల్లికి, బడి చదువు ఏల అని వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక విద్యాసంవత్సరములో ఇట్టి శనివారములు ముప్పదికి తగ్గవు. వారమునకు మూడు వాక్యముల చొప్పున ఏడాది తిరుగునప్పటికి ప్రతి బిడ్డ చేతను తొంబది వాక్యములుండును. అవి ఎవరి గైడులోను దొరకని వాక్యములు. వానిలో తప్పులుండును, కొట్టివేతలుండును, మడకలు, వంకలు, చెనిక్కాయలు ఉండును. పరీక్షాధికారికి అవి నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. కాని మరుసటి ఏడు వ్యాసము వ్రాయుమన్నప్పుడు ఆ బిడ్డ ప్రక్కవాని పుస్తకము వైపు చూడడు. కిటికీ వైపు చూచును. జిల్లాలోని ఉపాధ్యాయులు ఈ శనివారములనుండి ఆశింపదగిన ఫలితము ఇదియే. రానున్న జూన్‌లో బడులు తెరచిననాడే దీనికి ఆరంభము జరుగవచ్చును.